పెన్షన్ ఏ ఖాతాలో పడాలి: ఎన్ఆర్ఓనా, ఎన్ఆర్ఈనా?

మా మేనమామ హనుమకొండలో టీచరుగా రిటైరై, ఇప్పుడు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పెన్షన్ మాత్రం పాత సేవింగ్స్ ఖాతాలోనే పడుతోంది. విదేశంలో స్థిరపడ్డాక అలా ఉంచకూడదు, ఆ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం పెట్టుకునే రూపాయి ఖాతా) మార్పించాలి.

ఎన్ఆర్ఓతో సుఖం ఏమిటంటే, ఇక్కడి వ్యవహారాలన్నీ దాంతోనే నడుస్తాయి. ఇంటి అద్దె అందులో పడుతుంది, కరెంటు బిల్లు, ఇంటి పన్ను అందులోంచే పోతాయి. ఇక్కడున్న చెల్లెలిని జాయింటుగా పెట్టుకోవచ్చు. చిక్కంతా వడ్డీ దగ్గరే. 30 శాతం టీడీఎస్ (బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు, పైన సెస్సు. రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది వాపసు వస్తుంది. కానీ డెబ్బై దాటిన మనిషికి ఆ తిప్పలు ఎవరు పడాలి?

ఇక ఎన్ఆర్ఈ అంటే విదేశంలో ఉండేవాళ్లు ముఖ్యంగా అక్కడి సంపాదన దాచుకునే రూపాయి ఖాతా. దాని వడ్డీకి మన దేశంలో పన్ను లేదు (అమెరికాలో మాత్రం చూపించాల్సిందే). పెన్షన్‌ను నేరుగా ఇందులో వేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, కాకపోతే పన్ను లెక్క తేలిందని బ్యాంకుకు చూపించాలి. అందులో పడ్డ డబ్బు డాలర్లుగా పంపుకోవడం తేలిక. ఎన్ఆర్ఓ నుంచి కూడా పెన్షన్ పంపుకోవచ్చు, కానీ పన్ను కాగితాల పని ఉంటుంది.

పెన్షన్ అంతా హనుమకొండ ఖర్చులకే సరిపోయే మామకు ఎన్ఆర్ఓ చాలని నా అభిప్రాయం. నెలనెలా డాలర్లు కావాల్సినవాళ్లు ఎన్ఆర్ఈ అడగాలి. ఏది తీసుకున్నా ఓటీపీ వచ్చే సిమ్‌కు రీఛార్జ్ మరవద్దు. పోయిన దసరాకు మామ మరిచాడు, అదో పెద్ద టెన్షన్!