కొత్త ఏరియాలో కస్టమర్లు: వాట్సాప్ గ్రూపా, ఇంట్లో డెమోనా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కు ఇల్లు మారాక నా వంటింటి డబ్బాల వ్యాపారం మళ్లీ మొదటికొచ్చింది. ముందున్నవి రెండు దారులు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోస్టు పెడితే ఒక్కరోజులో అందరికీ తెలుస్తుంది, ఖర్చూ లేదు. కానీ ముఖం తెలియని మనిషి దగ్గర ఎవరు కొంటారు? పైగా చాలాచోట్ల అడ్మిన్లు ప్రకటనలకు ఒప్పుకోరు, ముందే అడగాలి.

ఇంట్లో డెమో నిదానం. నలుగురైదుగురిని టీకి పిలిచి, డబ్బాలో నీళ్లు పోసి తలకిందులు చేసి చూపించాలి. చేత్తో పట్టుకుని చూసినవాళ్లకు నమ్మకం కుదురుతుంది. వాళ్లే చెల్లెలికో, ఆఫీసులో స్నేహితురాలికో చెబుతారు. శ్రావణమాసం పేరంటాలు, బతుకమ్మ ఆటలు పరిచయాలకు మంచి సమయం. అయితే అక్కడ సరుకు బయటికి తీయొద్దు. పసుపుకుంకుమలకు వెళ్లి అమ్మకం మొదలుపెట్టడం నాకైతే తప్పనిపిస్తుంది.

నా ఓటు డెమోకే. గ్రూపు తర్వాతి ఆర్డర్లకు పనికొస్తుంది. తలుపులు మాత్రం తట్టొద్దు: 2021 డైరెక్ట్ సెల్లింగ్ (నాలాగా దుకాణం లేకుండా కంపెనీ సరుకును నేరుగా కస్టమర్లకు అమ్మడం) నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారుల ఇంటికి వెళ్లకూడదు.

పాత కస్టమర్లనూ నేను వదల్లేదు. రెండు ఏరియాలూ మెట్రో రెడ్ లైన్ మీదే ఉన్నాయి, రైలు మారే పని లేదు.