క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ లైవ్‌లో చూడాల్సిందే

చెన్నై బస్తీల్లో పుట్టిన గానా పాటని, ర్యాప్, రాక్‌తో కలిపి కులం గురించి సూటిగా పాడే చెన్నై బ్యాండ్ ఇది. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా మొదలుపెట్టారు, తొలి కచేరీ 2018 జనవరిలో చెన్నైలోనే జరిగింది. నాకు తమిళం అంతంతమాత్రమే, అయినా పరై మోగగానే మన డప్పు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది, పక్కనున్న కుర్రాళ్లు ప్రతి లైనూ గొంతు చించుకుని పాడుతుంటే, ఒక పెద్దావిడ మనవణ్ణి చంకనెత్తుకుని చిందులేస్తుంటే నేనూ ఆగలేకపోయాను. చావు మేళమని దూరం పెట్టిన వాద్యం స్టేజీ మధ్యలో ఉంది, నాకు అదే పెద్ద విషయం. ఇక మగవాళ్లదే అనుకునే గానాలో ఇసైవాణి గొంతు, అబ్బా! సౌండ్ వాళ్లు మాత్రం మొదటి అరగంట మాటలు సరిగా వినిపించనివ్వలేదు. వెళ్తే ముందు వరుసల్లోనే నిలబడండి.