హెపటైటిస్ బి టీకా: మూడు డోసులు, రెండు రక్తపరీక్షలు

మా అమ్మాయి నర్సింగ్‌లో చేరేటప్పుడు, కాలేయానికి సోకి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్‌కు టీకా తప్పనిసరి అన్నారు. నలభై ఏడేళ్లు వచ్చినా ఆ టీకా ఎరుగని నేను కూడా ఆమెతోపాటు మా వీధి చివరి క్లినిక్‌లో సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు డోసులూ వేయించుకున్నాను.

మాకు వేసినది శాన్వాక్-బి. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దీనిని విడుదల చేసేవరకు మన దేశంలో ఈ టీకా అంటే దిగుమతి సరుకే, సామాన్యుడికి అందని ధరే. ఇందులో వైరస్ ఉండదు. వైరస్ పైపొరలోని ప్రొటీన్‌ను మాత్రమే ఈస్ట్ కణాల చేత తయారు చేయిస్తారు కనుక టీకా వల్ల కామెర్లు వస్తాయన్న భయానికి ఆధారం లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను నర్సు ఊపగానే అడుగున పేరుకున్న తెల్లని మడ్డి కలిసిపోయి నీళ్లపాలలా మారింది. రోగనిరోధక వ్యవస్థను గట్టిగా తట్టిలేపే అల్యూమినియం లవణం ఆ తెలుపులోనే ఉంటుంది. టీకా మంచులా గడ్డకడితే అది పాడైపోతుంది.

మొదటి రోజు నర్సు తుంటికి వేయబోయింది. అక్కడి కొవ్వులో మందు నిలిచిపోతే యాంటీబాడీలు సరిగా పుట్టవు కాబట్టి పెద్దలకు భుజం కండలోనే వేయాలని గుర్తుచేయవలసి వచ్చింది. ఆమె విసుక్కోకుండా భుజానికే వేసింది. ఒక రోజు చెయ్యి సలపడం తప్ప మరే ఇబ్బందీ కలగలేదు.

అసలు చికాకు ల్యాబులో ఎదురైంది. మూడో డోసు తర్వాత నెలన్నరకు రక్షణ ఎంత వచ్చిందో చూడమంటే, వ్యాధి ఉన్నదో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేసి, నెగటివ్ వచ్చిందని సంతోషంగా కాగితం చేతిలో పెట్టారు. మేము అడిగినది యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్, అంటే టీకాతో రక్తంలో పుట్టిన యాంటీబాడీల కొలత. దానికి మళ్లీ రక్తం, మళ్లీ డబ్బు.

లీటరుకు పది అంతర్జాతీయ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. అమ్మాయికి వెయ్యి దాటింది, నాకు ముప్పై ఎనిమిది. నలభై దాటినవారిలో, పొగతాగేవారిలో, స్థూలకాయుల్లో స్పందన తగ్గుతుందని తెలుసు గనుక, నా వయసుకు పాస్ మార్కులు వచ్చాయనే అనుకున్నాను. ఆరోగ్యవంతులైన పెద్దల్లో కూడా నూటికి అయిదు నుంచి పది మందికి ఆ పది దాటదు; వారికి మరో మూడు డోసులు వేస్తే చాలామందిలో స్పందన వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టైటర్ తగ్గినా, వైరస్‌ను గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలు నిలిచే ఉంటాయి కాబట్టి, ఒకసారి స్పందించిన ఆరోగ్యవంతులకు బూస్టర్ అక్కర్లేదు. క్లినిక్ కార్డు మీద మాత్రం అయిదేళ్లకొకసారి బూస్టర్ అని ముద్ర కొట్టి ఇచ్చారు.

టీకాకు అయిదుకు అయిదు, క్లినిక్‌కు మూడు, ల్యాబుకు ఒకటి. ఈ టైటర్ పరీక్ష నాలాంటివారికి వట్టి కుతూహలమే; రోజూ రక్తంతో, సూదులతో పనిచేయబోయేవారికే నిజంగా అవసరం. అమ్మాయి కళాశాలలో మాత్రం కార్డు నకలు తీసుకుని, టైటర్ రిపోర్టును చూడకుండానే తిరిగి ఇచ్చేశారు.