“ఫస్ట్ ఓనర్, చక్కగా చూసుకున్న బండి” అంటే నమ్మి మోసపోయాను: పాత కారు కొనేవారికి హెచ్చరిక

సెకండ్‌హ్యాండ్ కారు కొనే ఆలోచనలో ఉన్నవారికి, ముఖ్యంగా 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సమయంలో విజయవాడలో ఉన్న బండ్లను చూస్తున్నవారికి, నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో 2014 మోడల్ డీజిల్ కారు ఒకటి 3,40,000 రూపాయలకు కొన్నాను. అమ్మిన పెద్దమనిషి విశ్రాంత ఉద్యోగి. మర్యాదగా మాట్లాడారు, ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. పదేళ్లలో ఒక్క ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చేయలేదని, పిల్లలు విదేశాల్లో ఉండడంతో బండి వాడకం తగ్గి అమ్ముతున్నానని చెప్పారు. బండి కూడా అద్దంలా మెరుస్తోంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు ఉన్నాయి, లోపల గంధపు వాసన గట్టిగా వస్తోంది. పాత బండిలో ఇన్ని కొత్త వస్తువులు ఒకేసారి ఎందుకొచ్చాయని నేను ఆలోచించాల్సింది, కానీ శ్రద్ధగా చూసుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆర్సీ వివరాలు, చలాన్లు, ఫైనాన్స్ బాకీ అన్నీ ప్రభుత్వ వాహన రికార్డుల వెబ్‌సైట్ పరివాహన్‌లో సరిచూసుకున్నాను. అవన్నీ సక్రమంగానే ఉన్నాయి, అందుకే ధీమాగా డబ్బు కట్టాను. బండి నీళ్లలో మునిగిందో లేదో ఆ రికార్డుల్లో కనిపించదని నాకు అప్పుడు తట్టలేదు.

మూడు వారాలకు ఎడమవైపు పవర్ విండో ఆగిపోయింది. తర్వాత డాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరకుండా ఉండిపోయింది. ఒకరోజు పొద్దున్నే బండి అసలు స్టార్ట్ కాలేదు. షెడ్డుకు లాక్కెళితే మెకానిక్ ముందుసీటు విప్పి, కార్పెట్ అంచు పట్టుకుని పైకెత్తాడు. దాని అడుగున ఉన్న దళసరి పొర మీద, చెరువు ఎండినప్పుడు నేల పగిలినట్టు, బూడిదరంగు ఒండ్రు పెచ్చులుగా లేచి ఉంది. సీటు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, వైరింగ్ కనెక్టర్ల పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. సీటుబెల్టును చివరికంటా లాగి చూపించాడు: రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉంది, చుట్టలోపల మిగిలే భాగంలో మాత్రం బురదనీటి చార అడ్డంగా గీత గీసినట్టు ఉంది. ఎయిర్‌బ్యాగ్‌ను నియంత్రించే యూనిట్ గేరు లివరు కింద ఉంటుందట, అది కూడా నీటిలో నానింది. అంటే ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేని బండిలో నా పిల్లలు దాదాపు నెలరోజులు తిరిగారు. డబ్బు పోయినదానికన్నా ఇదే నన్ను ఎక్కువగా బాధించింది.

మరమ్మతుకు 1,10,000 రూపాయలు అవుతుందని అంచనా ఇచ్చారు. అమ్మినవారికి ఫోన్ చేస్తే, మొదట తమకేమీ తెలియదన్నారు, ఒత్తిడి చేశాక “వరదప్పుడు కొంచెం తడిసింది, బాగుచేయించాం, మీరు చూసుకునే కొన్నారు కదా” అన్నారు. మేము రాసుకున్న కాగితంలో “ఉన్న స్థితిలో అమ్మడమైనది” అని ఉంది. నోటిమాటగా ఆయన ఇచ్చిన హామీలకు నా దగ్గర ఆధారమేమీ లేదు.

నిజానికి ఆధారం మొదటిరోజే నా చేతిలో ఉంది, నేనే చదవలేదు. ఆయన ఇచ్చిన ఇన్సూరెన్స్ పాలసీ 2024 నవంబరులో రెన్యువల్ అయింది, అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అని ఉంది. వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఆ బోనస్ 50 శాతానికి చేరుతుంది, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మన బండికే జరిగిన నష్టానికి క్లెయిమ్ చేస్తే మామూలుగా సున్నాకు పడిపోతుంది. పదేళ్లుగా క్లెయిమ్ లేదన్న మనిషి పాలసీలో సున్నా ఎందుకుందని అడిగి ఉంటే వ్యవహారం అక్కడితో ఆగేది. పాలసీ గడువు ముగిశాక 90 రోజులకు మించి రెన్యువల్ చేయకపోయినా బోనస్ పోతుంది కాబట్టి, సున్నా కనిపించగానే మోసమని తీర్మానించకండి, కానీ కారణం అడగకుండా, అంతకుముందు ఏడాది పాలసీ చూడకుండా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

సర్వీసు చరిత్ర విషయంలోనూ అంతే. నాకు చూపించిన పుస్తకం 2021తో ఆగిపోయింది, ఆ తర్వాత బయటి మెకానిక్‌తో చేయించామన్నారు. నిజంగా బాగా చూసుకున్నవారి దగ్గర బయటి షెడ్డు బిల్లులైనా, బ్యాటరీ, టైర్ల రసీదులైనా ఉంటాయి. బండి చూడటానికి వెళ్లినప్పుడు సొంత మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. కార్పెట్ ఎత్తి చూడనివ్వమని, డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంత చూడనివ్వమని అడగండి, సీటుబెల్టులు నాలుగూ పూర్తిగా లాగి చూడండి. ఇందుకు అభ్యంతరం చెప్పేవారి దగ్గర, వారు ఎంత పెద్దమనుషులైనా సరే, కొనకండి. అమ్మకపు పత్రంలో “ఈ వాహనం నీట మునగలేదు, పెద్ద ప్రమాదానికి గురికాలేదు, మీటరు రీడింగ్ మార్చలేదు” అని రాయించి సంతకం తీసుకోండి.

నా కారు ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. ఎయిర్‌బ్యాగ్ యూనిట్, వైరింగ్ మార్పించాకే మళ్లీ ఇంటికి తెస్తాను. ఎప్పుడైనా దీన్ని అమ్మాల్సి వస్తే, వరదలో మునిగిన సంగతి పత్రంలో మొదటి వాక్యంగా రాసి, వచ్చిన ధరకే ఇస్తాను.