నల్లకుక్కకు తైలవర్ణ చిత్రం: నాలుగేళ్ల తరువాత

మా భైరవ నాటుకుక్కకు, లాబ్రడార్‌కు పుట్టిన నల్లకుక్క; ఛాతీ మీద మాత్రం తెల్లని మచ్చ ఉంటుంది. దాని బొమ్మ వేయించాలనుకుని, ఫొటోలు చూసి తైలవర్ణాలతో చిత్రించే ఒక చిత్రకారుడికి ఆ పని అప్పగించాము. 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు గల కాన్వాస్ మీద ఛాతీ వరకు వేయడానికి, ఫ్రేము ఖర్చు కాకుండా 14,000 రూపాయలు అయ్యాయి. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంట్లో ఆ చిత్రం నాలుగేళ్లుగా ఉంది కనుక, ఇది కొత్త మురిపెం తీరిన తరువాత రాస్తున్న అభిప్రాయమే.

మేము పంపిన ఫొటోలలో చాలా వాటిని ఆయన తిప్పి పంపారు. ఫ్లాష్ వేసి తీసిన వాటిలో కళ్లు పచ్చగా మెరిశాయి. ఫోనును మూతి దగ్గర పెట్టి తీసిన వాటిలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయాయి. నిలబడి పైనుంచి తీసినవి అసలు పనికిరాలేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా, కుక్క కళ్ల ఎత్తున ఫోను ఉంచి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయమన్నారు. చెవులు మామూలుగా ఎలా పెడుతుందో తెలియడానికి చిన్న వీడియో కూడా అడిగారు. ఎడమ చెవి కొన మడత పడి ఉంటుందన్న సంగతి ఆ వీడియో వల్లనే బొగ్గు స్కెచ్ దశలో సరిదిద్దబడింది. రంగు పొరలు పడ్డాక అలాంటి మార్పు అడగడం ఇద్దరికీ ఇబ్బందే.

ఇచ్చిన డబ్బుకు అసలు విలువ నాకు కనిపించింది నలుపులోనే. ట్యూబులోని నలుపు రంగును అలాగే పూస్తే బొమ్మ మసిబారిన గోడలా చదునుగా ఉంటుందని, అల్ట్రామెరైన్ నీలాన్ని బర్న్ట్ అంబర్ గోధుమ రంగుతో కలిపి ఆయన చాలావరకు నలుపును తయారుచేసుకున్నారు. అందువల్ల వెలుగు పడే వైపు బొచ్చు నీలంగా, మెడ కింద గోధుమగా కనిపిస్తుంది; ఎండలో నిజమైన భైరవ కూడా అలాగే ఉంటుంది. ఫొటోను కాన్వాస్ మీద ప్రింటు చేసి, పైన పారదర్శకమైన జెల్‌తో కుంచె గీతలు గీసి చేతిపని అని అమ్మేవారు కూడా ఉన్నారు. భూతద్దంతో చూస్తే వాటిలో సిరా చుక్కలు బయటపడతాయి.

ఓపిక మాత్రం తప్పదు. అవిసె నూనెతో కలిపిన రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, మందంగా వేసిన చిత్రానికి చివరి వార్నిష్ కోసం ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగాలి. మాది వార్నిష్ లేకుండానే ఇంటికి తెచ్చుకుని, తరువాత మళ్లీ పంపించాము.

ఇంటికి రంగులు వేయించినప్పుడు చిత్రాన్ని గుడ్డలో చుట్టి కొంతకాలం బీరువాలో ఉంచవలసి వచ్చింది. తీసేసరికి ఛాతీ మీది తెలుపు పసుపు తిరిగింది. చీకటిలో ఈ నూనె పసుపెక్కడం సహజమని, వెలుగులో ఉంచితే చాలావరకు తగ్గుతుందని ఆయన చెప్పారు, అలాగే తగ్గింది. నేరుగా ఎండ తగలనివ్వకూడదు. వానాకాలంలో కాన్వాస్ వదులై అలలు తేలింది, వెనుక బూజు చుక్కలు వచ్చాయి. చట్రం మూలల్లోని చిన్న చెక్క ముక్కలను కొద్దిగా లోపలికి కొట్టడంతో బిగువు వచ్చింది. ఫ్రేము వెనుక రబ్బరు బిళ్లలు అతికించి, గోడకు, చిత్రానికి మధ్య గాలి ఆడేలా చేసిన తరువాత బూజు మళ్లీ రాలేదు. తీరప్రాంతపు ఇంటికి పంపే చిత్రంతో ఈ జాగ్రత్తలు ముందే చెప్పి ఉండవలసింది. దుమ్ముకు మెత్తని పొడి కుంచె చాలు, తడిగుడ్డ పెట్టకూడదు.

నాకు నచ్చనిది వెనుక వేసిన ముదురు ఆకుపచ్చ. పగలు హుందాగానే ఉంటుంది కానీ, రాత్రి ట్యూబులైటు కింద నల్లని వీపు అందులో కలిసిపోతుంది. పైగా మెరిసే వార్నిష్ మీద లైటు ప్రతిబింబం పడుతుంది. నల్లని జంతువు బొమ్మ వేయించేవారు లేత మట్టిరంగు నేపథ్యం, మెరుపు లేని వార్నిష్ అడగడం మంచిది.