తోటా, రాత్రి ఆయమ్మా: హనుమకొండలో వృద్ధాశ్రమం వెతికితే ఏది మేలు?

మా మేనత్తను వృద్ధాశ్రమంలో చేర్చి ఐదు నెలలైంది. అప్పటి నుంచి పెళ్లి పందిట్లో, బ్యాంకు వరుసలో, చివరికి వేయిస్తంభాల గుడి దగ్గర చెప్పులు విడుస్తుంటే కూడా ఒకటే ప్రశ్న: "ఎక్కడ చేర్చారు? బాగా చూసుకుంటారా?" కొందరైతే గొంతు తగ్గించి అడుగుతారు, దొంగసొత్తు ఎక్కడ దాచారో కనుక్కుంటున్నట్టు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. చేర్చడం తప్పా ఒప్పా అనే చర్చ ఇక్కడ లేదు. అది మా ఇంట్లో ఏడాది పాటు జరిగింది, చాలు.

అత్తకు 81 ఏళ్లు. పరకాల దగ్గరి పల్లె. నిరుడు వాకిట్లో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ తర్వాత వాకర్ పట్టుకుని, పక్కన మనిషి ఉంటే నాలుగడుగులు వేస్తుంది. పగలంతా మాట పదిలంగానే ఉంటుంది. పొద్దుగూకితే మాత్రం "గేదె ఈనే వేళయింది, ఇంటికి పోదాం" అని మొదలుపెడుతుంది. గేదెలు అమ్మేసి ఇరవై ఏళ్లు దాటింది. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవాలి. చివరికి మాకు దారి చూపింది ఈ మూడుసార్లే.

గట్టిగా పోల్చి చూసినవి రెండు. మొదటిది ఊరికి పది కిలోమీటర్ల అవతల ఒక ట్రస్టు నడిపేది. వేపచెట్లు, చిన్న గుడి, భజన హాలు, నలభై మంది పెద్దవాళ్లు. నెలకు 9,000. మధ్యాహ్నం భోజనం మేమూ తిన్నాం. పప్పు, తోటకూర, పలుచని మజ్జిగ, అన్నీ వేడివేడిగా. మా అన్నయ్య అక్కడే సంచిలోంచి డబ్బు తీయబోయాడు.

రెండోది కాలనీలో అద్దె ఇల్లు. కింది అంతస్తులో పద్నాలుగు మంచాలు, లోపలికి అడుగుపెట్టగానే ఫినాయిల్ వాసన, ఎప్పుడూ మోగుతూ ఉండే టీవీ సీరియల్. ఆరుబయట అంటే కారు నిలిపే షెడ్డు, అంతే. నెలకు 18,000, డైపర్లు, మందులు వేరే. పగటిపూట చూసినవాళ్లెవరైనా మొదటిదానికే ఓటేస్తారు. నేనూ వేశాను.

ఆ తర్వాత ఒక తలతిక్క పని చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు, చెప్పకుండా, రెండింటికీ వెళ్లాను. ఒకే రాత్రి కాదు, ఒక వారం తేడాతో.

ట్రస్టు ఆశ్రమంలో గేటు తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో తప్పు లేదు, రాత్రిపూట తాళం వేయడం మంచిదే. లోపల అంతా చీకటి. సాయంత్రం ఆరింటికే భోజనాలు, ఏడింటికల్లా అందరికీ డైపర్లు, ఎనిమిదికి దీపాలు ఆర్పేస్తారట. పగలు భజనలో చేతులు చరుస్తూ, నా ముందే తన కాళ్ల మీద నడిచి వచ్చిన పెద్దావిడకు కూడా డైపర్ కట్టి ఉంది. "మీకెందుకమ్మా?" అంటే ఆవిడే చెప్పింది: "రాత్రి తీసుకుపోయేవాళ్లు లేరు బిడ్డా." నలభై మందికి రాత్రి ఒకే ఆయమ్మ. ఆమె కూడా పగలంతా పనిచేసి, అదే వరండాలో చాప పరుచుకుని పడుకునే మనిషి. ఆమెను ఏమనగలం?

హోమ్ మంచిచెడ్డలు తేల్చేది రాత్రేనని నాకు అక్కడే అర్థమైంది. రాత్రి మనిషి లేకపోతే నడవగలిగినవాళ్లకూ డైపరు తప్పదు. డైపర్ నిండకుండా ఉండాలంటే సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించాలి. వయసు మీరినవాళ్లకు దాహం సరిగా తెలియదు కాబట్టి వాళ్లు నోరు తెరిచి అడగరు. మే నెలలో 42, 43 డిగ్రీలు వరంగల్‌కు కొత్తేమీ కాదు. ఆ ఎండల్లో నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్, దానితో అయోమయం, రాత్రి కేకలు. కేకలు వేస్తే పక్కవాళ్లకు నిద్ర ఉండదు, అప్పుడు ఒక మాత్ర. మతిమరుపు ఉన్న వృద్ధులను నెమ్మదింపజేయడానికి ఇచ్చే ఒక రకం మానసిక మందుల వల్ల మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అందుకే ఏ హోమ్‌కు వెళ్లినా సాయంత్రం ఇచ్చే మాత్రల అట్ట చూపించమనండి. ఏ డాక్టరు రాశారో, ఎప్పుడు రాశారో అడగండి. అడిగినందుకు ముఖం ముడుచుకుంటే అది కూడా ఒక జవాబే.

ఇక ఎప్పుడూ ఒకే వైపు పడుకోవడం వల్ల ఒంటి మీద పడే పుండ్లు. లేవలేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమ, ఈ మూడు చోట్లా ముందు ఎరుపు కనబడుతుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. పగలు ఎంత శ్రద్ధగా తిప్పినా, రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఐదు దాకా ఒకే వైపు పడుకోబెడితే చేసిందంతా వృథా. ట్రస్టు వాళ్లు నాకు అచ్చు వేయించిన రిజిస్టరు గర్వంగా చూపించారు. పది, పన్నెండు, రెండు, నాలుగు, ప్రతి గడిలోనూ ఒకే నీలి ఇంకుతో ఒకే సంతకం. నేను చూసినప్పుడు రాత్రి పది కూడా కాలేదు. తెల్లవారుజామున నాలుగు గంటల గడి అప్పటికే నిండి ఉంది.

కాలనీ హోమ్‌లో తలుపు వెంటనే తెరుచుకుంది. రాత్రికి ఇద్దరు ఆయమ్మలు. ఒకామె నిద్రలో ఉంది, ఇంకొకామె గడప దగ్గర మర్నాటి కూరకు చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను కూర్చున్న అరగంటలో లేచి, చేతులు కడుక్కుని, మూలమంచం మీది తాత దగ్గరికి వెళ్లింది. ముందు ఆయన చెవి దగ్గర "తాతా, గోడ వైపు తిరుగుదాం" అంది. ఆ తర్వాతే ఒక చేయి భుజం కింద, ఇంకో చేయి తుంటి కింద పెట్టి తిప్పింది. వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య పాత చీర మడత. ఆయన కళ్లు కూడా తెరవలేదు. వీళ్లకు రిజిస్టరు లేదు, బడిపిల్లల నోటు పుస్తకం. పసుపు మరకలు, రెండు మూడు రకాల చేతిరాతలు. ముందు రాత్రి పేజీలో "11.40 తిప్పినాను" అని, దాని కింద "1.30 తిప్పలేదు, బాగా నిద్రలో ఉన్నాడు" అని రాసి ఉంది. తిప్పనిది తిప్పినట్టు అబద్ధం రాయకపోవడం చూసే నాకు నమ్మకం కుదిరింది.

మేనేజరుతో కంటే ఆయమ్మతోనే ఎక్కువసేపు మాట్లాడాను. ఎన్నేళ్లుగా ఉంది, జీతం ఏ తారీఖుకు చేతికొస్తుంది అని. ఆరేళ్లు, ఐదో తారీఖు అంది. ఆయమ్మలు మూడు నెలలకోసారి మారిపోయే చోట మా అత్త ఎటు తిరిగి పడుకుంటుందో ఎవరికి గుర్తుంటుంది?

ట్రస్టు ఆశ్రమం చెడ్డదని నేననను. మా వీధిలోని రిటైర్డ్ మాస్టారు ఒకాయన రెండేళ్లుగా అక్కడే ఉన్నారు. పొద్దున్నే వేపచెట్ల కింద నడక, సాయంత్రం క్యారమ్స్. ఇంటి కంటే అక్కడే బాగుందంటారు. తన పని తాను చేసుకుంటూ, రాత్రి హాయిగా నిద్రపోయే మనిషికి అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు కనబడలేదు. సగం డబ్బు కూడా మిగులుతుంది. కాలనీ హోమ్‌లో మాట కలిపే తోడు తక్కువ, పద్నాలుగు మందిలో ఏడుగురు మాట్లాడే స్థితిలో లేరు. సంక్రాంతికి సకినాలు పట్టుకెళ్తే పంచడానికి మనుషులు దొరకలేదు, ఆయమ్మలే తిన్నారు. తోట లేదే అని నేను బాధపడ్డాను కానీ, అత్త మాత్రం షెడ్డులో కుర్చీ వేయించుకుని కాలనీలో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూస్తూ కూర్చుంటుంది. ఊళ్లో అరుగు మీద కూర్చుని చేసిందీ అదే.

మిగతా దారుల గురించి రెండు మాటలు. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థల్లో నర్సులు, ఫిజియోథెరపీ అన్నీ ఉంటాయి, కానీ కాజీపేటలో రైలెక్కి వెళ్లి రావడానికి ఒక రోజు పోతుంది. వారానికి రెండుసార్లు వెళ్లి చూడలేని చోటు నాకు వద్దు. ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడం ఆరు నెలలు చేసి చూశాం. నలుగురు మారారు. దిక్కులేని పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం 150 మందికి సరిపడే ఒక ఆశ్రమం ఉండాలని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో ఉంది. అది మా బోటివాళ్లకు కాదు. ఎక్కడ చేర్చినా ఏదైనా అన్యాయం కనబడితే 14567కు ఫోన్ చేయండి, అది వృద్ధుల సహాయవాణి.

చేర్చాక ముఖ్యంగా చూసుకోవలసింది బరువు. నెలకోసారి తూకం వేయించండి. నెలలో నూటికి ఐదు వంతులు తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, వెంటనే డాక్టరుకు చూపించాలి. అత్త చేరినప్పుడు 44 కిలోలు, ఇప్పుడు 45న్నర.

నిన్న వెళ్తే నా చేయి పట్టుకుని ఫిర్యాదు చేసింది. పప్పులో కారం లేదని ఒకటి. రెండోది: "ఆ పిల్ల రాత్రంతా నన్ను నిద్రపోనివ్వదు రా, లెమ్మంటది, తిరుగుమంటది. ఇంకెక్కడన్నా చూడు."