హెచ్‌పీవీ పరీక్షల్లో ఏది మేలు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ హెచ్‌పీవీ. దాన్ని పట్టే పరీక్షల్లో ఒకటైన హైబ్రిడ్ క్యాప్చర్ 2, ప్రమాదకరమైన 13 రకాలను కలిపి చూస్తుంది. పాజిటివ్ వస్తే ఏ రకమో చెప్పదు. అంతకంటే పెద్ద లోపం, శాంపిల్‌లో కణాలు సరిపడా ఉన్నాయో లేదో చూసే ఏర్పాటు లేకపోవడం. శాంపిల్ తీసే బ్రష్‌ను సరిగా తిప్పకపోయినా నెగెటివ్ వచ్చేయొచ్చు, ఆ నెగెటివ్‌ను నమ్మి ఏళ్లు గడిచిపోతాయి. డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి వెతికే కోబాస్ పీసీఆర్ పరీక్షలో ఆ బెడద తక్కువ: వైరస్‌తో పాటు మన కణాల్లోని బీటా గ్లోబిన్ జన్యువు కూడా దొరకకపోతే ఫలితం చెల్లదంటుంది, శాంపిల్ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఇది చూసే 14 రకాల్లో 16, 18 రకాలను విడిగా చూపిస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండింటి వల్లే కాబట్టి, ఇవి కనిపిస్తే నేరుగా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు) వెళ్లాలి. ఆప్టిమా అనే మరో పరీక్ష, వైరస్ డీఎన్‌ఏకు బదులు అది చురుగ్గా ఉన్నప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను వెతుకుతుంది, అనవసర పాజిటివ్‌లు కాస్త తగ్గుతాయి. స్వయంగా తీసుకున్న శాంపిల్‌కైతే పీసీఆర్ డీఎన్‌ఏ పరీక్షే మేలు.